గ్యారేజీలో స్పిట్‌ఫైర్

అల్యూమినియం రేకుకి ఒక రంధ్రం వేయడానికి ఎంతసేపు పడుతుంది? చేతిలో డ్రిల్లు మిషను ఉంటే రెండు సెకన్లు. ఆ రేకు విమానం రెక్కకి ఎక్కేదైతే మాత్రం లెక్క వేరు. ఎంత వేరో రెండేళ్ళ కిందట ఇంగ్లండులో మా అబ్బాయి దగ్గర ఉన్నప్పుడు పక్కన నిలబడి చూశాను.

వాళ్ళ ఊరి శివార్లలో చిన్న ఏరోడ్రోము ఒకటి ఉంది. శంషాబాదు విమానాశ్రయాన్ని ఊహించుకోకండి. గడ్డి కత్తిరించిన పొలం, ఓ వారన నాలుగు రేకుల షెడ్లు, గాలివాటం చెప్పే గుడ్డ సంచి, అంతే. సాయంత్రం నడకకి అటు వెళ్తే ఒక షెడ్డు తలుపు సగం తీసి ఉంది. లోపల, నేను చిన్నప్పుడు నోటుబుక్కు వెనక అట్ట మీద వందసార్లు గీసుకున్న విమానం. స్పిట్‌ఫైర్. రంగు వేయలేదు. ఒక రెక్క ఇంకా బిగించలేదు. ముక్కులో ఇంజను లేదు. అయినా పోల్చుకోవడానికి క్షణం పట్టలేదు. కోలమొహం అంటాం చూడండి, అలా మొదలు నుంచి కొసదాకా కోలగా సన్నబడుతూ వెళ్ళే రెక్క. యుద్ధవిమానాల్లో అంత అందమైనది ఇంకొకటి లేదని నా నమ్మకం.

దగ్గరికి వెళ్ళాక తెలిసింది, అది పూర్తి సైజు కాదని. అసలుదానిలో పదింట ఎనిమిది వంతులు. కడుతున్నది డెబ్భై దాటిన ఒక పెద్దాయన. జీవితమంతా ఇళ్ళకి నీళ్ళ పైపులు వేసి రిటైరయ్యాడు. ఆస్ట్రేలియాలో, బ్రిస్బేన్ నగరంలో మొదలైన ఒక చిన్న కంపెనీ స్పిట్‌ఫైర్‌ని విడిభాగాల కిట్‌గా తయారుచేసి అమ్మింది. రేకులు, రిబ్బులు, బోల్టులు, డ్రాయింగులు చెక్కపెట్టెల్లో సముద్రం దాటి ఆయన దగ్గరికి వచ్చాయి. నేను చూసేనాటికి తొమ్మిదో ఏడు నడుస్తోంది.

ఆ సాయంత్రం ఆయన రెండు రేకులు కలిపి రంధ్రాలు వేస్తున్నాడు. వేశాక రెండిటినీ విడదీశాడు. రంధ్రం అంచున కంటికి కనపడనంత గరుకు లేస్తుంది. శంకువులా ఉన్న చిన్న బిట్టుని రంధ్రంలో పెట్టి వేళ్ళతోనే ఒకటిన్నర చుట్టు తిప్పాడు. వెంట్రుకంత లోహపు పరక ఊడి వచ్చింది. రేకు తిప్పి రెండో వైపు కూడా అంతే. తర్వాత బొటనవేలి గోరుతో తడిమి చూశాడు. గోరు తగిలితే మళ్ళీ తిప్పాలి. ఎందుకంత పట్టింపు అంటే, గాల్లో రెక్క నిమిషానికి ఎన్నిసార్లు వంగుతుందో, ఎన్నిసార్లు లేస్తుందో. ఆ గరుకు ఉన్నచోటే రేకుకి పగులు పుడుతుంది. పగులు పుట్టాక అది పక్క రంధ్రం దాకా పాకుతుంది.

శుభ్రం చేశాక రేకులు మళ్ళీ కలిపి, స్ప్రింగు ఉన్న చిన్న పిన్నులు గుచ్చాడు. వాటిని క్లీకోలంటారు. కుట్టే ముందు గుడ్డకి గుండుసూదులు పెట్టినట్టు, రేకులు జరగకుండా తాత్కాలికంగా పట్టుకుంటాయి. రంధ్రం కొలతని బట్టి వాటికి రంగులుంటాయి. అంగుళంలో ఎనిమిదో వంతు రంధ్రానికి రాగిరంగువి. ఒకటి వదిలి ఒకటిగా వరస కట్టేసరికి రెక్క మీద రాగి ముళ్ళు మొలిచినట్టయింది. ఒక్కొక్కటీ తీసి, ఆ చోట రివెట్టు పెట్టి, గన్‌తో లాగుతాడు. కాడ తెగి టక్కుమంటుంది. ఒక రివెట్టు పూర్తయినట్టు. అలాంటివి విమానం మొత్తానికి వేలు.

ఏదో అడుగుతూ నేను జేబులో పెన్సిలు తీసి రేకు మీద చూపించబోయాను. చటుక్కున నా చెయ్యి పట్టుకున్నాడు. పెన్సిలు గీతలో ఉండే గ్రాఫైటు, తేమ తగిలితే, అల్యూమినియాన్ని తినేస్తుందట. విమానం కట్టే షెడ్డులో పెన్సిలు పెట్టుకోరు, ఫెల్టు మార్కరే వాడతారు. గోడ మీద ఒక పెద్ద రేకు వేలాడుతోంది. అందులో ఒకే ఒక్క రంధ్రం చుట్టూ ఎర్ర సున్నా చుట్టి ఉంది. రివెట్టు మందానికి కనీసం రెండింతల దూరం రంధ్రానికీ రేకు అంచుకీ మధ్య ఉండాలని నియమం. ఆ ఒక్కచోట ఆయన చెయ్యి జరిగి రంధ్రం అంచుకి దగ్గరగా పడింది. రేకు మొత్తం పక్కన పెట్టేశాడు. కొత్త రేకు చేతికి రావడానికి నాలుగు నెలలు పట్టింది. చూసి పోయేవాళ్ళెవరికీ ఆ రంధ్రంలో తప్పు కనపడదు. ఆయనకి కనపడింది, చాలు.

ఇంటికి వెళ్ళి చెబితే మా అబ్బాయి అన్నాడు, "నాన్నా, అది నకిలీ కదా. అసలు స్పిట్‌ఫైర్ చూడాలంటే మ్యూజియానికి తీసుకెళ్తాను."

నకిలీ అనే మాట నాకు గుచ్చుకుంది. మన భాషలో ఇంకో మాట ఉంది. ప్రతి. తాటాకు ఎంత జాగ్రత్తగా దాచినా కొన్ని వందల ఏళ్ళకి మించి బతకదు. పురుగు తింటుంది, చెమ్మ పడుతుంది. నన్నయ స్వహస్తంతో రాసిన ఆకు ఒక్కటైనా మన దగ్గర లేదు. ఆయన మాట వెయ్యేళ్ళు నిలిచిందంటే, తరం తరంలో ఎవరో ఒకరు మాతృకని పక్కన పెట్టుకుని గంటంతో ప్రతి రాసుకోబట్టే. కడపలో బ్రౌన్ దొర బంగళాలో పండితులు కూర్చుని చేసింది కూడా అదే పని, పాత ప్రతులు సేకరించి పోల్చి కొత్త ప్రతులు రాయడం. ఆ ప్రతుల్ని ఎవరూ నకిలీ అనలేదు. ప్రతి రాసేవాడు గ్రంథాన్ని చదివినంత నిదానంగా ఇంకెవరూ చదవరు. అక్షరం అక్షరం దగ్గర ఆగాల్సిందే.

విమానానికీ ఇదే వర్తిస్తుందని ఆ షెడ్డులో అర్థమైంది. ఒక్క ఉదాహరణ చెబుతాను. స్పిట్‌ఫైర్ రెక్క బల్లపరుపుగా ఉండదు, దానిలో సన్నని మెలిక ఉంది. మొదలు దగ్గర ముందు అంచు 2 డిగ్రీలు పైకి చూస్తుంది, కొసకి వచ్చేసరికి అర డిగ్రీ కిందికి చూస్తుంది. దానికి కారణం ఉంది. కోల రెక్కకి ఒక గుణముంది. వేగం బాగా తగ్గినప్పుడు గాలి మీద పట్టు రెక్కంతా ఒకేసారి వదిలేసే ప్రమాదముంది. మెలిక వల్ల మొదలు దగ్గర పట్టు ముందు సడలుతుంది, రెక్క వణికి పైలట్‌ని హెచ్చరిస్తుంది. కొసలు ఇంకా గాలిని పట్టుకునే ఉంటాయి కాబట్టి విమానం ఒక పక్కకి ఒరిగిపోదు. ఈ మెలిక ఏ ఫొటోలోనూ తెలియదు. మ్యూజియంలో తాడు ఇవతల నిలబడి చూసినా తెలియదు. మట్టపుబద్ద చేతపట్టి రిబ్బు తర్వాత రిబ్బు సరిచూసుకునేవాడికే తెలుస్తుంది.

ఇలా చేత్తో స్పిట్‌ఫైర్‌ని చదివినవారిలో నాకు అందరికన్నా ఇష్టమైన మనిషి జాన్ ఐజాక్స్. ఇంగ్లండు దక్షిణ తీరంలో సౌతాంప్టన్ నగరం. స్పిట్‌ఫైర్‌ని పుట్టించిన సూపర్‌మెరీన్ కంపెనీ అక్కడిదే. దాని ప్రధాన డిజైనర్ మిచెల్. 1936 మార్చి 5న విమానం మొదటిసారి ఎగరడం చూశాడు. మరుసటి ఏడు జూన్‌లో, 42 ఏళ్ళకే, క్యాన్సర్‌తో కన్నుమూశాడు. తన విమానం వైమానిక దళంలో చేరడం కూడా చూడలేదు. ఐజాక్స్ ఆ కంపెనీలో పనిచేసి, తర్వాత బడిపంతులయ్యాడు. మొదట హాకర్ ఫ్యూరీ అనే పాత రెండంతస్తుల రెక్కల యుద్ధవిమానాన్ని పదింట ఏడు వంతుల సైజులో కర్రతో కట్టి 1963లో ఎగరేశాడు. 1969లో స్పిట్‌ఫైర్ మొదలుపెట్టాడు, ఈసారి పదింట ఆరు వంతులు. అసలుది లోహం, ఈయనది కర్ర, ప్లైవుడ్డు. అసలుదానిలో రోల్స్ రాయిస్ మెర్లిన్, 27 లీటర్ల పన్నెండు సిలిండర్ల ఇంజను. తొలి స్పిట్‌ఫైర్లలోనే అది వెయ్యి గుర్రాల శక్తికి పైగా ఇచ్చేది. ఈయన దానిలో వంద గుర్రాల చిన్న కాంటినెంటల్ ఇంజను. ఖాళీ విమానం తూకం 365 కిలోలు. 1975 మే 5న ఆయన స్పిట్‌ఫైర్ మొదటిసారి ఎగిరింది. తర్వాత ప్లాన్లు అందరికీ అందుబాటులో పెట్టాడు. తాను చదివిన గ్రంథాన్ని ఇంకొకరు ప్రతి రాసుకునే వీలు కల్పించినట్టు.

సైజు తగ్గించడం చూడ్డానికి సులువుగా ఉంటుంది కానీ లెక్కలో అది మహా చిక్కు. పొడవూ వెడల్పూ ఎత్తూ సగం చేశామనుకోండి, రెక్క వైశాల్యం నాలుగో వంతుకి పడిపోతుంది, ఘనపరిమాణం ఎనిమిదో వంతుకి. అందులో కూర్చునే మనిషి మాత్రం సగం కాడు. ఆయన భుజాలు అవే, మోకాళ్ళు అవే, బరువూ అదే. 1974లో కాలిఫోర్నియాలో జర్మన్ యుద్ధవిమానం ఫోకె వుల్ఫ్ 190ని సరిగ్గా సగం సైజులో కట్టి ఎగరేశారు. దాని ఫొటోల్లో ముందు కళ్ళకి ఆనేది పైలట్ తలకాయే, ఆ విమానానికి అంత పెద్దదిగా కనిపిస్తుంది. అందుకే చాలామంది డిజైనర్లు అద్దాల గూడు కొంచెం ఎత్తు పెంచుతారు, నిలకడ కోసం తోక కొంచెం పెద్దది చేస్తారు. ఎక్కడ మాతృకని వదలాలో తెలియడం కూడా ప్రతి రాసేవాడి విద్యలో భాగమే.

కొన్ని ప్రతికి ఎక్కవు. మెర్లిన్ శబ్దం అలాంటిది. విన్నవాళ్ళు దాన్ని మరిచిపోలేరు. చిన్న ఇంజను పెట్టిన ప్రతి దాన్ని పలకలేదు. అమెరికాలో ఐడహో రాష్ట్రంలో ఈ లోటు పూరించాలనే పట్టుదలతో, ముస్టాంగ్ అనే అమెరికన్ యుద్ధవిమానానికి ప్రతిగా థండర్ ముస్టాంగ్ అనే కిట్ తయారుచేశారు. కార్బన్ ఫైబర్ శరీరం, ముప్పాతిక సైజు, దానిలో నిజంగానే పన్నెండు సిలిండర్ల ఇంజను, 640 గుర్రాల శక్తి. 1996లో ఎగిరింది. సామాన్యుడికి అందే ధర కాదు. ఒహాయోలో తయారయ్యే టైటాన్ ముస్టాంగ్ ఇంకో దారి పట్టింది. అదీ ముప్పాతిక సైజే కానీ తేలిక లోహం, వంద గుర్రాల రోటాక్స్ ఇంజను, ముందూ వెనకా ఇద్దరు కూర్చోవచ్చు. నా మొగ్గు దీని వైపే. చేతిపని తెలిసిన మనిషి ఓపిగ్గా కట్టుకోగలిగేది ఇదే.

అమెరికా చట్టం ఈ మనుషుల్ని గౌరవించిన తీరు నాకు బాగా నచ్చింది. విమానంలో సగానికి పైగా పని, నేర్చుకోవడానికో సరదాకో చేతులు పెట్టిన మామూలు మనుషులు చేసి ఉండాలి. అప్పుడే దాన్ని సొంతంగా కట్టినదిగా గుర్తిస్తారు. కాక్‌పిట్‌లోకి ఎక్కేచోట ప్రయోగాత్మకం అని కనీసం రెండంగుళాల అక్షరాల్లో రాసి ఉండాలి. ఇది ఔత్సాహికులు కట్టినది, మామూలు విమానాల భద్రతా ప్రమాణాలకి లోబడినది కాదని ప్రయాణికుడికి కనపడేలా పలక కూడా పెట్టాలి. ఇంజనూ ప్రొపెల్లరూ ఏ రకానివో చూసి సాధారణంగా మొదటి 25 గంటలో 40 గంటలో ఒక నిర్ణీత ప్రాంతం దాటకుండా పరీక్షగా ఎగరాలి. ఇంగ్లండులో అయితే కట్టేటప్పుడే దశ దశలో ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి సంతకం పెట్టాలి. రెక్క మూయబోయే ముందు లోపలి భాగం ఆయనకి చూపించాలి.

ప్రమాదాన్ని ఇక్కడెవరూ తేలిగ్గా తీసుకోరు. స్పిట్‌ఫైర్ చక్రాలు రెండూ దగ్గర దగ్గరగా ఉంటాయి, పక్కగాలికి నేల మీదే తూలుతుంది. తోకచక్రం మీద వెనక్కి వాలి నిలబడటం వల్ల పొడుగాటి ముక్కు పైలట్‌కి ఎదుటి దారిని కప్పేస్తుంది. పాము నడకలా అటూ ఇటూ తిప్పుకుంటూ రన్‌వే మీదికి వెళ్ళాలి. వీటన్నిటికన్నా పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. ఏళ్ళ తరబడి షెడ్డులో కట్టే పనిలో పడి కట్టేవాడు ఎగరడం మానేస్తాడు. చెయ్యి మొద్దుబారుతుంది. కొత్త విమానంలో మొట్టమొదటి ప్రయాణానికి అలాంటి చెయ్యి పనికిరాదు. పెద్దాయనని అడిగాను. "మొదటిసారి నేను ఎక్కను. ఇలాంటివి ఎగరేసిన పైలట్‌ని ఇప్పటికే మాట్లాడుకున్నాను. నేను గడ్డిలో కూర్చుని చూస్తాను" అన్నాడు. తొమ్మిదేళ్ళు కట్టినవాడు ఆ మాట అనడానికి ఎంత నిగ్రహం కావాలో ఆలోచించండి.

ఇప్పుడు గ్యారేజీ సంగతికి వస్తాను. సొంతంగా కట్టే ఈ విమానాలని గ్యారేజీ సరుకు అని చిన్నచూపు చూసేవాళ్ళున్నారు. 1940 సెప్టెంబరు 24న, మళ్ళీ 26న, జర్మన్ విమానాలు సౌతాంప్టన్‌లోని సూపర్‌మెరీన్ ఫ్యాక్టరీ మీద బాంబులు కురిపించాయి. ఎందరో కార్మికులు చనిపోయారు. ఫ్యాక్టరీ మళ్ళీ కట్టి ఒకే చోట పని మొదలుపెడితే మళ్ళీ కూలుస్తారు. అందుకని పనిని ముక్కలు చేసి ఊళ్ళల్లోకి పంచేశారు. మోటారు గ్యారేజీలు, బస్సు డిపోలు, బట్టలుతికే లాండ్రీలు స్పిట్‌ఫైర్ కార్ఖానాలయ్యాయి. సాల్స్‌బరీ, రెడింగ్, ట్రోబ్రిడ్జ్ ఊళ్ళల్లో ఒక చోట రెక్క, ఒక చోట ఒళ్ళు, ఒక చోట తోక. అంతకు ముందు సుత్తి పట్టని ఆడపిల్లలు వారాల్లో రివెట్లు కొట్టడం నేర్చుకున్నారు. లోపల ఏం జరుగుతోందో పక్కింటివాళ్ళకి కూడా చెప్పలేదు. అన్నిచోట్లా కలిపి స్పిట్‌ఫైర్లు 20 వేలకు పైగా తయారయ్యాయి, వాటిలో ఎన్నో ఇలా పుట్టినవే. కాబట్టి గ్యారేజీలాంటి షెడ్డులో ఒక ప్లంబరు స్పిట్‌ఫైర్‌కి రివెట్లు బిగిస్తున్నాడంటే, నా దృష్టిలో ఆ విమానం తన పుట్టింటికి వచ్చినట్టే.

దానిలో మన సొమ్ము కూడా ఉంది. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ నిజాం మొదటి ప్రపంచయుద్ధంలోనే బ్రిటిష్ వైమానిక దళంలో 110వ స్క్వాడ్రన్‌కి విమానాలిచ్చాడు. రెండో యుద్ధంలో 152వ స్క్వాడ్రన్‌కి హైదరాబాదు స్క్వాడ్రన్ అని పేరు. అది స్పిట్‌ఫైర్ల దళం. 1940 వేసవిలో ఇంగ్లండు దక్షిణ తీరంలో వార్మ్‌వెల్ నుంచి పోరాడింది. దాని చిహ్నం నిజాం తలపాగా. దాని నినాదం విశ్వాసపాత్ర మిత్రుడు, అది నిజాంకున్న బిరుదు. తర్వాత ఇదే దళం మన దేశానికి వచ్చి బర్మా సరిహద్దుల్లో జపాను విమానాలతో తలపడింది. అప్పుడు ఆ విమానాల ఒంటి మీద దూకుతున్న నల్ల చిరుత బొమ్మ ఉండేది. కోస్తా, రాయలసీమ అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. 234వ స్క్వాడ్రన్‌కి ఆ ప్రెసిడెన్సీ పేరు పెట్టారు, అదీ స్పిట్‌ఫైర్లదే. ఎవరు ఇష్టపడి ఇచ్చారో, ఎవరు అధికారి మాట కాదనలేక ఇచ్చారో ఆ లెక్క ఏ రెక్క మీదా రాయలేదు. నిజాం ఇచ్చిందీ అంతిమంగా రైతు కట్టిన శిస్తే.

నిజాం మొదటి యుద్ధంలో ఇచ్చిన విమానాల్లో ఒకటి నేటికీ ఉంది. లండన్‌లో వైమానిక దళం మ్యూజియంలో చూశాను. 1918లో జర్మన్లకి చిక్కి, ఆ తర్వాత పోలండు చేరింది. 1977లో క్రాకోవ్ మ్యూజియం నుంచి దాన్ని వెనక్కి తెచ్చుకోవడానికి లండన్ మ్యూజియం బదులుగా ఏమిచ్చిందో తెలుసా? ఒక స్పిట్‌ఫైర్. ఆ పాత విమానం రెక్కలు ఎప్పుడో పోయాయి, ఇప్పుడున్నవి కొత్తగా కట్టినవి. మా అబ్బాయికి ఆ రెక్కలు చూపించాను. వాడేమీ అనలేదు, చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.

నాకు ఈ విమానాల మీద ప్రేమ ఉంది కాబట్టి ఒక మాట దాచకుండా చెప్పాలి. ఇవి చంపడానికి పుట్టిన యంత్రాలు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులేశాయి. మా అమ్మమ్మ అప్పుడు కాకినాడలో ఉంది, చంకలో మా అమ్మ. ఆ రాత్రే ఎడ్లబండి కట్టించుకుని పల్లెకి వెళ్ళిపోయారు. నాకు తెలిసిన అమ్మమ్మ వాకిట్లో బియ్యం ఏరుతూ కూర్చునేది. పైన ఏ విమానం చప్పుడు వినిపించినా చేట్లో చెయ్యి ఆగిపోయేది. చప్పుడు పూర్తిగా పోయేదాకా తల దించేది కాదు. ఇంగ్లండులో ఆ షెడ్డులో రెక్క లోపలికి తొంగిచూసినప్పుడు నేను మొదట వెతికింది తుపాకులు ఉండాల్సిన చోటు. తొలి స్పిట్‌ఫైర్ రెక్కల్లో ఎనిమిది మిషన్‌గన్లుండేవి. పెద్దాయన రెక్కలో ఆ చోట పెట్రోలు ట్యాంకు ఉంది.

తిరిగి వచ్చే ముందు రోజు ఆయన దగ్గర సెలవు తీసుకోవడానికి వెళ్ళాను. రెండో రెక్క బిగించాడు. రంగు ఇంకా వేయలేదు. యుద్ధకాలంలో దళాల్లోని స్పిట్‌ఫైర్ల ఒంటి మీద సాధారణంగా మూడు పెద్ద అక్షరాలుండేవి, మొదటి రెండూ దళానివి, మూడోది ఆ విమానానిది. ఏవి వేయాలో తేల్చుకోలేదన్నాడు. హైదరాబాదు దళం కథ చెప్పాను, తలపాగా గురించి, నల్ల చిరుత గురించి. ఆయన ఎన్నడూ వినలేదు. వాళ్ళ అక్షరాలేమిటని అడిగాడు. యు, ఎమ్ అని చెప్పాను.

ఫెల్టు మార్కరు తీసి, బోసిగా మెరుస్తున్న రేకు మీద ఆ రెండక్షరాలూ నిదానంగా రాశాడు. రాసి మార్కరు నా చేతికిచ్చి, "మూడోది మీరు రాయండి" అన్నాడు.

కాకినాడ పేరుని ఆ రోజుల్లో ఇంగ్లీషులో సి అక్షరంతో మొదలుపెట్టేవారు. సి అని రాశాను.